ఆఫీసు సర్వర్ పాతబడింది, అన్నీ క్లౌడ్‌కు మార్చేయాలా?

మీరు అడిగింది ఇది: 25 మంది పనిచేసే సంస్థ, 7 ఏళ్ల నాటి సర్వర్. కొత్తది కొనాలా, అంతా క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే వేరే సంస్థ కంప్యూటర్లకు మార్చాలా అని యజమాని మిమ్మల్ని తేల్చమంటున్నారు. నేను గుంటూరులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ కంప్యూటర్లు చూసుకుంటాను. ఇదే ప్రశ్నకు ఒకసారి తప్పుగానూ, తర్వాత కొంత సరిగానూ జవాబు చెప్పినవాణ్ని.

2019లో మా డాక్టరు గారు "అందరూ క్లౌడ్ అంటున్నారు, మనమూ వెళ్దామా?" అని అడిగితే ఉత్సాహంగా తలూపాను. రోగుల నమోదు, బిల్లులు, రిపోర్టులు, సీటీ స్కాన్ చిత్రాలు, ఒకటేమిటి, అన్నీ ఎక్కించేశాం. మూడో వారంలో ఒక సోమవారం తెల్లవారుజామున మా వీధిలో కాలువ తవ్వుతూ ఇంటర్నెట్ తీగ తెంపేశారు. ఆరున్నరకల్లా షుగర్ పరీక్షకు పరగడుపున వచ్చినవారు 30 మంది దాకా కుర్చీల్లో కూర్చున్నారు. కౌంటర్‌లో అమ్మాయి పేరు కొడుతుంది, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. బార్‌కోడ్ స్టిక్కర్ రానిదే రక్తం తీయరు. రక్తం తీయనిదే వాళ్లు కాఫీ తాగడానికి లేదు. ఎనిమిది దాటాక ఒక పెద్దాయన లేచి వచ్చి, "మీ కంప్యూటర్‌కు షుగర్ లేదు బాబూ, నాకుంది" అన్నారు. బీరువాలో అడుగున ఉన్న పాత కార్బన్ రసీదు పుస్తకం తీశాం. ట్యూబులకు ప్లాస్టర్ ముక్కలు అంటించి పెన్నుతో పేర్లు రాశాం.

ముందే వేయాల్సిన లెక్క ఆ తర్వాత వేశాను. మా యంత్రంలో ఒక సీటీ స్కాన్ సగటున 500 మెగాబైట్లు. రోజుకు 40 స్కాన్లు, అంటే 20 గిగాబైట్లు. కనెక్షన్ ఇచ్చేవారు గొప్పగా చెప్పేది డౌన్‌లోడ్ వేగం. మాకు అప్‌లోడ్‌లో దక్కేది సెకనుకు 20 మెగాబిట్లే. బైటుకు 8 బిట్లు కనుక ఆ 20 గిగాబైట్లు 1,60,000 మెగాబిట్లు అవుతాయి. లైను మీద మరే పనీ లేకపోయినా అవి వెళ్లడానికి దాదాపు రెండుంపావు గంటలు పడుతుంది. ఇంతా చేస్తే ఆ చిత్రాలు చూసే రేడియాలజిస్టు గది స్కాన్ గదికి 15 అడుగుల దూరంలో ఉంది. పక్క గదికి వెళ్లాల్సిన చిత్రాన్ని ముంబయి పంపి వెనక్కి తెప్పించుకుంటున్నామన్నమాట.

ఖర్చు సంగతిలో తప్పు పూర్తిగా నాదే. ప్రయోగానికని క్లౌడ్‌లో ఒక సర్వర్ తెరిచి ఆపడం మరిచిపోయాను. దాని అద్దె గంటల లెక్కన పడుతుంది, నెలకు సుమారు 730 గంటలు. మేము పనిచేసేది 26 రోజులు, రోజుకు 10 గంటల చొప్పున 260 గంటలు. మిగతా 470 గంటలు ఎవరూ లేని కౌంటర్ కోసం అద్దె కట్టాం. సర్వర్ ఆపినా డిస్కు అద్దె ఆగదు. డేటా బయటికి తీసుకుంటే దానికి విడిగా రుసుము, పైన 18 శాతం జీఎస్టీ. మరో విషయం: ఆ సర్వర్ తెరిచేటప్పుడు ప్రాంతం చూసుకోలేదు, అది అమెరికాలో వర్జీనియాలో లేచింది. ప్రతి పేజీ ఎందుకు ఈడుస్తోందో తెలియడానికి రెండు రోజులు పట్టింది. క్లౌడ్ అద్దెకిచ్చే అమెజాన్‌కు 2016 నుంచి ముంబయిలో, 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లో డేటా కేంద్రాలున్నాయి. రోగుల వివరాలు దేశం దాటనివ్వకపోవడం మంచిది కాబట్టి ప్రాంతం మీరే ఎంచుకోండి.

ఇదంతా విని సొంత సర్వరే చవక అనుకోకండి. అలా అనేవారు తరచూ దాని ధర ఒక్కటే చూస్తారు. గుంటూరు మే నెలలో ఆ చిన్న గదిలో రాత్రంతా నడిచే ఏసీ, రెండు మూడేళ్లకోసారి మార్చే యూపీఎస్ బ్యాటరీలు, అర్ధరాత్రి డిస్కు పోతే పరుగెత్తాల్సిన మనిషి, ఇవన్నీ ఖాతాలో వేరే పద్దుల కింద దాక్కుంటాయి. 5 ఏళ్లకు అవన్నీ కలిపి చూసేదాకా మా డాక్టరు గారు కూడా నమ్మలేదు.

అందుకే రెండోసారి సంస్థ మొత్తానికి కలిపి ఒక జవాబు వెతకలేదు, ఒక్కో పనినీ విడిగా చూశాం. రిపోర్టులు క్లౌడ్‌లో పెట్టాం. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అందరూ ఒకేసారి ఫోనులో తెరుస్తారు, మిగతా రోజంతా ఖాళీ. ఇలాంటి ఎగుడుదిగుడు వాడకానికి క్లౌడ్‌ను మించింది లేదు. ఫలితాలు వెలువడే రోజున తప్ప ఎవరూ చూడని కాలేజీ వెబ్‌సైటుకూ అంతే. స్కాన్ చిత్రాలు సెంటర్‌లోనే నిల్వ ఉంటాయి, రాత్రిపూట ఒక నకలు క్లౌడ్‌కు వెళుతుంది. నమోదు, బార్‌కోడ్ మాత్రం లోపలి చిన్న కంప్యూటర్‌లో నడుస్తాయి. నెట్ ఉన్నప్పుడు అదే పైకి లెక్క అప్పజెబుతుంది.

క్లౌడ్‌లో ఉంటే డేటా భద్రమని మీ యజమాని అంటే, 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా కేంద్రం తగలబడిన సంగతి చెప్పండి. వేరే చోట నకలు పెట్టుకోని కొందరు ఖాతాదారుల డేటా తిరిగి రాలేదు. బ్యాకప్ ఎక్కడ ఉంచాలన్నది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలన్నది అద్దె కట్టినంత మాత్రాన క్లౌడ్ సంస్థ బాధ్యతగా మారదు, అది మన పనే. పూర్తిగా మారకముందే, ఎక్కించిన డేటా మొత్తం ఒకసారి వెనక్కి దించుకొని చూడండి. ఎంతసేపు పట్టిందో, ఎంత బిల్లు వచ్చిందో రాసి పెట్టుకోండి.

సంతకం పెట్టేముందు ఇంకో పని కూడా చేయండి. రద్దీగా ఉన్న ఒక రోజు, యజమానికి చెప్పి, గంటసేపు ఇంటర్నెట్ తీగ పీకి కాగితం పట్టుకొని ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లండి. ఏ పని ఆగిందో, ఎంతసేపు ఆగినా ఫరవాలేదో అక్కడివారినే అడిగి రాయండి. క్లౌడ్‌లోకి అన్నీ ఎక్కించిన ఆ రోజుల్లో మేము ఈ పరీక్ష పెట్టుకొని ఉంటే, చెక్కుచెదరకుండా నడిచేది మా ఈసీజీ గది ఒక్కటే. అది కూడా ఆ యంత్రం కాగితం మీద అచ్చు వేస్తుంది కాబట్టి.