పాలు లేని వేసవి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒక వైపు నుంచే. ఇంట్లో కుర్రకారు మాంసంతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేసి వీగన్లమంటున్నారు. మే నెల విశాఖ ఉక్కలో వాళ్లకేం పెట్టాలి, వాళ్లు చేస్తామంటున్న ప్రచారం ఎలా సాగాలి అని.

ప్ర: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఉగాది నుంచి పెరుగు ముట్టడం లేదు. వేరుశనగ గుళ్లతో పెరుగు తోడుపెట్టి చూశాను. ఒకసారి జిగురుగా తీగలు సాగింది. ఇంకోసారి విరిగి నీళ్లు తేలాయి. రెండుసార్లూ ఏదో వాసన. తప్పెక్కడ జరిగింది?
— ఒక తల్లి, గాజువాక

జ: మూడూ వేరువేరు తప్పులు. ముందు వాసన సంగతి. గుళ్లు పాతబడితే లోపలి నూనె కనరెక్కుతుంది, ఎంత కాచినా ఆ కనరు పోదు. కొన్న రోజునే నాలుగు గుళ్లు పచ్చివి నమిలి చూడండి. చేదు తగిలితే ఆ సంచీ పెరుగుకి పనికిరాదు. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు మచ్చ ఉన్నవి ఏరి పారేయాలి. ఇది రుచి కోసం మాత్రమే కాదు. బూజుపట్టిన వేరుశనగలో చేరే అఫ్లటాక్సిన్ అనే విషం వంటింటి మంటకు పోదు.

200 గ్రాముల గుళ్లు ఏడెనిమిది గంటలు నానబెట్టండి. ఈ ఎండలకి మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి, లేకపోతే నానేటప్పుడే పులుపు మొదలవుతుంది. మీకొచ్చిన వాసనలో సగం ఇక్కడిదే అయివుండొచ్చు. నానాక చేత్తో నలిపి పొట్టంతా తీసేయాలి. పొట్టు ఉంటే వగరు, పైగా పెరుగు మట్టిరంగుకి తిరుగుతుంది. 800 మిల్లీలీటర్ల నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ మెత్తగా రుబ్బి, పలచటి నూలుగుడ్డలో వేసి పిండండి.

ఆ పాలు అడుగు మందం గిన్నెలో పోసి సన్నసెగ మీద కాచాలి. ఇవి ఆవుపాలలా కాదు. చెప్పాపెట్టకుండా పొంగుతాయి, గరిటె ఆపితే అడుగంటుతాయి. మొదటి పొంగు వచ్చాక ఎనిమిది పది నిమిషాలు తిప్పుతూనే ఉంటే పచ్చివాసన పోతుంది. గట్టి పెరుగు కావాలంటే ఈ దశలోనే రెండు చెంచాల బియ్యప్పిండి చన్నీళ్లలో కలిపి పోయండి.

ఇక తోడు. ఇంట్లో మామూలు పెరుగు చుక్క వేస్తే తోడుకుంటుంది గానీ మీ అమ్మాయి తినదు. పది పచ్చిమిరపకాయల ముచ్చికలు, తొడిమలతో సహా తుంచి, ఒక్కసారి నీళ్లలో ముంచి తీసి, గోరువెచ్చటి పాలలో వేయండి. తోడుపెట్టే బ్యాక్టీరియా ఆ ముచ్చిక మీదే ఉంటుంది, కాబట్టి గట్టిగా తోమి కడగొద్దు. వేడి పట్టి చూడటానికి చిటికెనవేలు చాలు. పది లెక్కపెట్టే వరకు వేలు ఉంచగలిగితే సరైన వేడి. కాలితే ఆగండి, ఆ వేడికి తోడు చచ్చిపోతుంది, దాని చోట వేరే సూక్ష్మజీవులు చేరి జిగురు తీగలు సాగుతాయి. మీ మొదటి గిన్నె సంగతి బహుశా ఇదే.

రెండో గిన్నె విరగడానికి కారణం రాత్రంతా వదిలేయడం. చలికాలంలో పది గంటలు పట్టేది మే నెలలో ఆరేడు గంటల్లో తోడుకుంటుంది. పొద్దున తోడుపెట్టి మధ్యాహ్నం చూడండి. కదిలిస్తే ముద్దగా కదలాలి. అంచున నీటి గీత కనిపించిన క్షణమే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మొదటి విడత పలచగా, కాస్త మిరప వాసనతో ఉంటుంది, దిగులుపడకండి. అందులోంచి రెండు చెంచాలు తీసి రెండో విడతకు తోడు వేస్తే అది పెరుగులాంటి పెరుగు. రెండు రోజులకు మించి దాచొద్దు.

పెరుగన్నం కలిపేటప్పుడు అన్నం వేడిగా ఉండగా మెదిపి, పూర్తిగా చల్లారాకే పెరుగు వేయండి. కప్పు అన్నానికి ముప్పావు కప్పు పెరుగు, అర కప్పు నీళ్లు. పోపు నువ్వులనూనెతో. మజ్జిగ పులుసులో వేయాలంటే పొయ్యి కట్టేసిన తర్వాతే. మరిగిస్తే పలుకులు పలుకులుగా విరుగుతుంది, దాన్ని మళ్లీ కలపడం ఎవరి తరమూ కాదు.

అన్నట్టు, పెరుగు లేకపోతే వేసవి గడవదన్నది అంత నిజమేం కాదు. రాత్రి మిగిలిన అన్నంలో గంజి, నీళ్లు అన్నం పైకి రెండు వేళ్లు వచ్చేలా పోసి, పొద్దున ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినే చద్దన్నంలో మజ్జిగ చుక్క అక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త. అన్నం గంటా రెండు గంటల్లో చల్లార్చి నీళ్లలో వేసేయాలి. సాయంత్రమంతా గోరువెచ్చగా మూతపెట్టి ఉంచిన అన్నంతో చేస్తే వాంతులు పట్టుకోవచ్చు.

ప్ర: కొబ్బరిపాలతో మామిడికాయ పులుసు పెడితే ప్రతిసారీ విరుగుతోంది. ముంజల పాయసమూ అంతే.
— సీతమ్మధార

జ: కొబ్బరిపాలు పులుపుకీ మరుగుకీ రెండింటికీ భయపడతాయి. మీరు రెండూ ఒకేసారి చూపిస్తున్నారు.

ఒక మీడియం కాయ తురుముకి 150 మిల్లీలీటర్ల వేణ్నీళ్లు పోసి పిండితే చిక్కటి మొదటి పాలు. అదే పిప్పికి 250 పోసి పిండితే రెండో పాలు. మామిడికాయ ముక్కలు, బెల్లం, కారం ఈ రెండో పాలలోనే ఉడకాలి. ఇందులో కొవ్వు తక్కువ, కొంచెం విరిగినా కనపడదు. ముక్క మెత్తబడ్డాక చెంచా బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోసి, ఒక ఉడుకు రానిచ్చి, పొయ్యి కట్టేసి, రెండు నిమిషాలాగి మొదటి పాలు పోయండి. తర్వాత మళ్లీ వేడిచేయొద్దు. పిండిన పాలు బయట పెడితే ఈ ఎండలకు మూడు నాలుగు గంటల్లో పులుస్తాయి, దీన్నీ లెక్కలో పెట్టుకోండి.

ముంజల పాయసంలో తప్పు బెల్లం పాకానిది. అనకాపల్లి బెల్లం 80 గ్రాములు, పావు కప్పు నీళ్లలో కరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లార్చాలి. వేడి పాకం పోస్తే పాలు పోయినట్టే. చల్లారాక 300 మిల్లీలీటర్ల మొదటి పాలు, యాలకుల పొడి, పన్నెండు ముంజల ముక్కలు కలిపి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. ముంజ మీది గోధుమరంగు పొర ఒలిచి తీరాలి, వగరంతా అందులోనే. బొటనవేలితో నొక్కితే దిగాలి. నీళ్లు ఇంకి గట్టిపడిన ముంజ తింటే కడుపునొప్పి, కొనకండి.

ప్ర: మేం ఎనిమిదిమంది విద్యార్థులం. మాంసం, పాలు మానమని చెప్పడానికి బీచ్ రోడ్డులో ఒక సాయంత్రం బల్ల వేసి, ఏదైనా ఉచితంగా రుచి చూపిద్దామనుకుంటున్నాం. ఏం పెట్టాలి? జనం తిడతారేమోనని భయంగానూ ఉంది.
— మద్దిలపాలెం

జ: చోడి (రాగి) అంబలి పెట్టండి. కేకులూ సోయా కబాబులూ వద్దు. ఎండలో నడిచి వచ్చినవాడికి అంబలి ఎవరూ బోధించనక్కర్లేదు. పెద్దవాళ్లు తాగి, మా అమ్మ చేసేది అంటారు, మాట అక్కడ మొదలవుతుంది.

యాభైమందికి తలా 200 మిల్లీలీటర్ల చొప్పున పది లీటర్లు కావాలి. ముందు రాత్రి 700 గ్రాముల చోడిపిండి రెండు లీటర్ల నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, స్టీలు గిన్నెలోనో కుండలోనో మూతపెట్టి పులవనివ్వండి. పులుపు ఉంది కాబట్టి అల్యూమినియం గిన్నె వద్దు. మర్నాడు ఆరు లీటర్ల నీళ్లు మరిగించి, 250 గ్రాముల బియ్యపు నూకలు వేసి, నూక వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించాలి. అప్పుడు పులిసిన పిండి సన్నధారగా పోస్తూ, ఒకరు పోస్తుంటే ఇంకొకరు తిప్పుతూ, పన్నెండు నిమిషాలు. పచ్చివాసన పోయి మెరుపు రావాలి. పొడిపిండి సరాసరి మరిగే నీళ్లలో వేస్తే ఉండకట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. చాలామంది పాడుచేసేది ఇక్కడే.

చల్లారాక అంబలి గడ్డకడుతుంది, అందుకే మిగతా రెండు లీటర్ల నీళ్లు, కాచి చల్లార్చినవి, చివర్లో పోయాలి. ఉప్పు 60 గ్రాములు, పన్నెండు నిమ్మకాయల రసం, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర అక్కడికి వెళ్లాకే కలపండి. మజ్జిగ లేని లోటు నిమ్మ తీరుస్తుంది. మధ్యాహ్నం కాచింది రాత్రి ఎనిమిదిలోపు అయిపోవాలి, మిగిలితే పారబోయండి. పక్కన మురీ (మరమరాల) మిక్చర్ అమ్మేవాళ్లుంటే పోటీ పెట్టుకోవద్దు. అది ఎలాగూ పాలూ నెయ్యీ లేనిదే. వాళ్ల దగ్గరే కొని పంచితే ఆ బండి మీ పక్షం అవుతుంది.

అనుమతి సంగతి. శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది గానీ, రోడ్డుపక్క బల్ల వేయాలంటే నగరపాలక సంస్థ జీవీఎంసీకి, స్థానిక పోలీస్ స్టేషన్‌కి ముందుగా రాతపూర్వకంగా పెట్టుకోండి. తేదీ, గంటలు, ఎంతమంది, మైకు ఉందా లేదా అన్నీ రాయాలి. మైకు వద్దనే మా సలహా.

తిట్ల భయం అన్నారు. ఈ ఊరు చేపల ఊరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. ఆ 61 రోజులూ మరబోట్ల మీద బతికే జాలరి ఇళ్లలో వేట రాబడి ఉండదు. సరిగ్గా అప్పుడే ఫిషింగ్ హార్బర్ ముందు నినాదాల అట్టలు పట్టుకుని నిలబడటం మొరటుతనం, ఫలితమూ ఉండదు. రెండోది, శాకాహారం అనగానే మన దగ్గర కులం మాట వస్తుంది, ఎవరో ఒకరు మొహం మీదే అంటారు. కోపం తెచ్చుకోకండి, ఆ అనుమానానికి చరిత్ర ఉంది. మీ ప్రశ్న నేతి గారెలు తినే శాకాహారి ఇంటికీ అంతే వర్తిస్తుందని చెప్పండి. మా తిండి గొప్పది, మీది తక్కువ అన్న ధ్వని ఒక్క అట్ట మీద ఉన్నా తీసేయండి. రక్తం ఓడే బొమ్మలూ వద్దు, పిల్లలు తిరిగే చోటు.

అడిగితే జరిగే పనులు వేరే ఉన్నాయి. హాస్టల్ మెస్‌లో పప్పు, సాంబారు పోపు నేతితో కాక నూనెతో పెట్టమనండి, గిన్నె ముందు 'పాలు, నెయ్యి లేనిది' అని చీటీ అంటించమనండి. ఖర్చు తగ్గే పని కాబట్టి మెస్ మేనేజరు కాదనడు. బైకు హ్యాండిల్‌కి కోళ్లను తలకిందులుగా వేలాడదీసి తీసుకెళ్లడం మాంసం తినేవాళ్లకీ నచ్చదు. జంతువులను బాధపెట్టేలా తరలించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి ఆ చట్టంలో రాసిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ అంకె అట్ట మీద పెద్దక్షరాలతో రాయండి, జనం ఆగి చదువుతారు.

ప్ర: ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే వీగనే కదా?
— ఎంవీపీ కాలనీ

జ: కాదు. పాలపొడి, నెయ్యి, తేనె ఉన్నా ఆకుపచ్చ చుక్కే వేస్తారు. వీగన్‌కి కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 నిబంధనల్లో వేరే గుర్తు ఉంది: ఆకుపచ్చ 'వీ' అక్షరం, దాని మీద చిన్న మొలక. అది లేకపోతే వెనక పదార్థాల జాబితాలో మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్ (ఈ రెండూ పాల నుంచి తీసినవే), బటర్, హనీ అన్న మాటలు వెతకండి. కింద అలర్జీ వరుసలో పాలు ఉన్నాయని రాసి ఉంటే ఇక సందేహం లేదు. రొట్టె, బిస్కెట్లలోనే ఎక్కువ మోసపోతారు. మాడుగుల హల్వాలో పాలు గోధుమపాలే, కానీ నెయ్యి ధారాళంగా పడుతుంది.

ప్ర: తమ్ముడు వీగన్ అయి ఏడాది. బీ12 విటమిన్ తగ్గుతుందంటున్నారు. స్పిరులినా (నాచు పొడి) తింటే చాలంటున్నాడు. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.
— అనకాపల్లి

జ: చాలదు. స్పిరులినాలో ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని నకిలీ బీ12. చద్దన్నంలోనూ, వేరుశనగ పెరుగులోనూ నమ్మదగినంత ఉండదు. ఇంతవరకు ఇబ్బంది లేకపోవడానికి కారణం కాలేయంలో నిల్వ. అది రెండు మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆదుకుంటుంది. నిల్వ అయిపోయాక అరికాళ్ల తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు మొదలవుతాయి, ఆలస్యం చేస్తే నరాల దెబ్బ పూర్తిగా మానకపోవచ్చు. ఇప్పుడే రక్తపరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మోతాదులో మాత్ర మొదలుపెట్టించండి. జంతువుల నుంచి తీసే జెలటిన్ గొట్టంలో కాక మామూలు బిళ్లగా ఉన్నది అడిగితే తమ్ముడికీ అభ్యంతరం ఉండదు. కాల్షియానికి చోళ్లు, నువ్వులు ఉన్నాయి. 100 గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాములు.

ప్ర: పచ్చి జీడిపప్పు ఇంట్లోనే కొట్టుకోవచ్చా? మామిడికాయతో కూర వండాలని.
— పెందుర్తి

జ: ఒలిచి నీళ్లలో వేసి అమ్ముతున్నవి కొనడం మేలు. పచ్చి గింజ తొక్కలోని జీడినూనె చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది. కొట్టి తీరాలంటే అరచేతులకి నూనె పట్టించి, పైన చేతి తొడుగులు వేసుకుని, గింజను నిలువుగా చీల్చండి. పప్పు మీది పొర గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలుంటే చేతికి ఊడి వస్తుంది. రెండుసార్లు కడిగి, పావుకేజీ పప్పుకి ఒక చిన్న మామిడికాయ చాలు. పప్పు సగం ఉడికాకే కాయ ముక్కలు వేయాలి. పులుపు ముందే పడితే పప్పు బిగుసుకుని ఎంతసేపటికీ మెత్తబడదు.