జపాన్ నుంచి తెచ్చినవి ఇంట్లో నిలవాలంటే

ప్రశ్న: మా అమ్మాయి క్యోటో నుంచి నామా యాత్సుహాషి అనే మిఠాయి తెచ్చింది. ఎండలకి భయపడి ఫ్రిజ్‌లో పెడితే మూడో రోజుకే అట్టముక్కల్లా అయిపోయాయి. పాడైనట్టేనా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: పాడవలేదండీ, బిగుసుకుపోయాయి. పైపొర బియ్యప్పిండి, చక్కెర, దాల్చినచెక్క కలిపి ఆవిరి మీద ఉడికించినది. లోపల ఉండేది అజుకి అనే చిన్న ఎర్ర గింజల పూర్ణం. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటికి గట్టిపడినట్టే ఇదీ. ఉడికిన బియ్యప్పిండి 0–5 డిగ్రీల చలిలో తొందరగా బిగుస్తుంది. ఇడ్లీ పాత్రలో తడిగుడ్డ పరిచి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, ఒక్క నిమిషం ఆవిరి పట్టండి. అంతకు మించితే పొర సాగిపోయి గుడ్డకి అంటుకుంటుంది. వేడి మీదే తినేయాలి. పుల్లవాసన గానీ బూజు చుక్క గానీ ఉంటే మాత్రం పారేయండి.

పెట్టె మీద తేదీ చూసి చాలామంది కంగారు పడతారు. అక్కడ సంవత్సరం ముందు వేస్తారు: 25.11.03 అంటే 2025 నవంబరు 3. కొన్నిటి మీద రేవా, అంటే ఇప్పటి చక్రవర్తి పాలనాకాలపు లెక్క ఉంటుంది, రేవా 7 అంటే 2025. గది వేడిలో నిలవుంటుందని రాసినా అది మన మే నెల గది కాదు. ఈసారి తెచ్చినప్పుడు ఒక్కోటి విడిగా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, తినే ముందు అరగంట బయట ఉంచండి. అసలు వేసవిలో తెచ్చేటట్టయితే కాల్చిన యాత్సుహాషి కొనమనండి. కోటో వాద్యంలా వంపు తిరిగిన కరకరలాడే బిళ్లలవి, నెలల తరబడి నిలవుంటాయి.

ప్రశ్న: మొరియోకాలో కొన్న ఇనప కెటిల్ లోపల తుప్పు పట్టింది. చింతపండుతో తోమవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వద్దు, ఆ పని అస్సలు చేయకండి. ముందు లోపల టార్చి వేసి చూడండి. గాజులా నిగనిగలాడే నల్ల పూత ఉంటే అది క్యూసు. టీ ఆకు వేసి వేడినీళ్లు పోసుకోవడానికే పనికొస్తుంది, పొయ్యి మీద పెడితే పూత పగులుతుంది. పూత లేకుండా బూడిదరంగు ఇనుమే కనిపిస్తే నీళ్లు కాచే తెత్సుబిన్. మీది తుప్పు పట్టిందంటే బహుశా ఇదే. సంప్రదాయ పద్ధతిలో దాన్ని 800–1000 డిగ్రీల దగ్గర బొగ్గుల్లో కాల్చి, తుప్పును అడ్డుకునే సన్నటి పొర తెప్పిస్తారు. చింతపండు పులుపు, స్టీలు పీచు ఆ పొరనే తినేస్తాయి.

లోపల ఎర్రచుక్కలున్నా కాచిన నీళ్లు తేటగా ఉంటే వదిలేయండి. నీళ్లే ఎర్రబడుతుంటే మూడింట రెండు వంతుల నీళ్లు పోసి, రెండు చెంచాల గ్రీన్ టీ ఆకు గుడ్డలో మూటకట్టి వేసి, సన్నసెగ మీద అరగంట కాచండి. అలాగే చల్లారనిచ్చి పారబోయండి. నీళ్లు సిరాలా నల్లబడతాయి, భయపడకండి. టీలోని టానిన్ అనే వగరు పదార్థం తుప్పుతో కలిసి నల్లటి పొర కడుతోందన్నమాట. పక్కనే శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేదీ ఇలాగే: ఇనుము, బెల్లం ఊరేసిన నీళ్లు కరక్కాయ పట్టించిన బట్టను తాకగానే నల్లబడతాయి. నీళ్లు తేటపడేదాకా రెండు మూడు సార్లు కాచాలి.

ఆర్వో నీళ్ల కంటే మన బోరు నీళ్లే దీనికి మేలు. ఉప్పుల వల్ల లోపల తెల్లటి పొర కడుతుంది. అది మురికి కాదు, ఇనుముకు కాపలా. గోకకండి. వాడాక వేడిగా ఉండగానే నీళ్లన్నీ ఒంపి, మూత తీసి పెడితే ఆ వేడికే ఆరిపోతుంది. రాత్రంతా నీళ్లు నిలవుంచితే తెల్లారేసరికి తుప్పే. కాలిన కెటిల్‌లో చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. పాలు, టీ అందులో కాచకండి.

ప్రశ్న: మేం శాకాహారులం. టోక్యోలో కొన్న మిసో (పులియబెట్టిన సోయా ముద్ద)తో సూప్ చేస్తే చేపవాసన వస్తోంది.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీరు కొన్నది 'దాషి ఇరి', అంటే రసం కలిపిన మిసో అయి ఉంటుంది. ఆ రసం ఎక్కువగా ఎండబెట్టిన కత్సువో చేపదే. ఫోన్‌లో అనువాదం పెట్టి పొట్లం వెనక పదార్థాలు చదివించండి. ఈసారి దాషి కలపని మిసో, దాంతోపాటు కొంబు అనే సముద్రపు నాచు తెప్పించుకోండి. 200 మిల్లీలీటర్ల నీళ్లలో అయిదు సెంటీమీటర్ల కొంబు ముక్క అరగంట నానబెట్టి, సన్నసెగ మీద వేడిచేసి, మరగబోయే ముందు తీసేయండి. లేకపోతే జిగట దిగుతుంది. సొరకాయో గుమ్మడో ఉడికాక పొయ్యి కట్టేసి, పెద్ద చెంచాడు మిసో గరిటెలో కరిగించి కలపండి. మరిగిస్తే సువాసన పోతుంది. తెరిచిన పొట్లాన్ని డీప్ ఫ్రీజర్‌లోనే పెట్టుకోండి. ఉప్పు ఎక్కువ కాబట్టి రాయిలా గడ్డకట్టదు, చెంచాతో తీసుకోవచ్చు.