ఊదినకడ్డిని ఎవరు ఊదారు?

సందేహం: మాది రాయదుర్గం. మా ఇంట్లో ‘ఊదినకడ్డి’ అంటాం. కర్నూలులో చదువుకునేటప్పుడు హాస్టల్లో కొందరు ‘ఊదొత్తి’ అనేవాళ్లు, కోస్తా అమ్మాయిలు ‘అగరొత్తి’ అనేవాళ్లు. మా పాప పుస్తకంలో ఇంగ్లీషు ‘ఇన్సెన్స్’కు ‘ధూపం’ అని అర్థం ఇచ్చారు. వీటిలో ఏది సరైనది? వెలిగించి మంటను ఊదేస్తాం కాబట్టి ‘ఊదిన’ కడ్డి అయిందని మా నాన్న చెప్పేవారు, నిజమేనా? అదే ఇంగ్లీషు మాటకు కోపమనే అర్థం కూడా ఉందట. ఎలా?

సమాధానం: మీ నాన్నగారి ఊహ ముచ్చటగా ఉంది గానీ, ఈ ‘ఊదు’ నోటితో ఊదే ఊదు కాదమ్మా. అరబ్బీలో ‘ఊద్’ అంటే కర్ర, చెక్క. అదే మాట సువాసనగల అగరుచెక్కకు పేరైంది. ఉర్దూ ద్వారా మన దాకా వచ్చింది. పీర్ల చావిడి దగ్గర ‘ఊదు వేసినారు’ అనే మాట మీరు వినే ఉంటారు. అక్కడ నిప్పుల మీద పడేది చాలాసార్లు సాంబ్రాణే, అగరుచెక్క కాదు. సరుకు మారినా పేరు నిలిచిపోయింది. కడప పెద్ద దర్గా దగ్గరైనా, నార్పల మండలం గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరైనా ఊదు వేసే చేతులకు మతభేదం లేదు కాబట్టి, మాట అందరి ఇళ్లకూ చేరింది.

మరి ‘ఊదిన’ ఎక్కడిది? అది కన్నడం. కన్నడంలో ‘ఊదిన కడ్డి’ అంటే ఊదు యొక్క కడ్డి. ఆ ‘ఇన’ షష్ఠీ విభక్తి ప్రత్యయం. సరిహద్దు ఊళ్లలో మాట యథాతథంగా ఇటు వచ్చేసింది. తెలుగు చెవికి అది ‘వండిన అన్నం’ లాగా క్రియాజన్య విశేషణంగా వినిపించింది, దానికి తగ్గ కథ పుట్టింది. తప్పు మాటేమీ కాదు, నిస్సంకోచంగా వాడండి. ఊదొత్తి అంటే ఊదు, వత్తి కలిసినది. అగరొత్తి, కొవ్వొత్తి కూడా అలాంటివే. ‘అగరుబత్తి’లోని బత్తి హిందీ రూపం. సంస్కృతంలోని ‘వర్తి’ మనకు వత్తి అయింది, వాళ్లకు బత్తి అయింది.

అగరు సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. సంస్కృతంలో ‘అగురు’. గురువు (బరువు) కానిది అని వ్యుత్పత్తి చెబుతారు. తీరా చూస్తే మేలైన అగరుచెక్క నీళ్లలో వేస్తే మునుగుతుంది! దానికి అమరకోశం ఇచ్చిన పర్యాయపదాల్లో ‘రాజార్హం’, ‘క్రిమిజం’ ఉన్నాయి. రాజులకు తగినది సరే, పురుగు వల్ల పుట్టినది ఏమిటి? అగరుచెట్టు ఆరోగ్యంగా ఉంటే చెక్కకు వాసన ఉండదు. పురుగు తొలిచి బూజు పట్టినప్పుడు చెట్టు తనను కాపాడుకోవడానికి జిగురు ఊరిస్తుంది, సువాసన దానిదే. పేరు పెట్టినవాళ్లు చెట్టును బాగా గమనించారు. ఇప్పుడు అంగట్లో కొనే మామూలు కట్టల్లో వెదురు పుల్ల, బొగ్గుపొడి, జిగురుకు నరమామిడి బెరడు లాంటిది, పైన సెంటు ఉంటాయి. అగరు పేరులోనే మిగిలింది.

ఇక ‘ధూపం’. ఇది వస్తువు పేరు కన్నా ముందు ఉపచారం పేరు. పూజలో పువ్వులయ్యాక ‘ధూపమాఘ్రాపయామి’ అంటారు, అంటే వాసన చూపిస్తున్నాను అని. ధూపదీప నైవేద్యాలకు నోచుకోని గుడి అన్నప్పుడు మన మనసులో ఉండేది సేవే గానీ సాంబ్రాణి పొట్లం కాదు. ఆ సేవకు వాడే సరుకులు వేరు: సాంబ్రాణి, గుగ్గిలం, మైసాక్షి, దశాంగం (పది ద్రవ్యాల పొడి). మైసాక్షి ఒక రకం గుగ్గిలం, అసలు రూపం మహిషాక్షి, గేదె కన్ను. గుగ్గిలం అనే మాటతో జాగ్రత్త. సంస్కృత గుగ్గులు రాజస్థాన్, గుజరాత్ మెట్టల్లో పెరిగే ముళ్లపొద బంక. తెలుగులో సాలవృక్షపు బంకనూ గుగ్గిలమే అంటాం. మన శేషాచలం కొండల్లో ‘కొండసాంబ్రాణి’ చెట్టు ఉంది, తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. అంగట్లో దొరికే సాంబ్రాణి మాత్రం ఈ చెట్టుది కాదు.

తెలుగు బైబిలు అనువాదకులు ఈ తేడాను చక్కగా పట్టుకున్నారు. జ్ఞానులు శిశువైన యేసుకు తెచ్చిన కానుక ‘సాంబ్రాణి’, అది సరుకు. కీర్తనల్లో ‘నా ప్రార్థన ధూపమువలెను’ అన్నారు, అది అర్పణ. పాప పుస్తకంలో ‘ధూపం’ అని రాయడం తప్పు కాదు. కానీ పక్కన పుల్ల బొమ్మ ఉంటే మాత్రం ఊదొత్తి, అగరొత్తి అని రాయాల్సింది.

క్రియలు కూడా చూడండి. అగరొత్తి ముట్టిస్తాం, సాంబ్రాణి వేస్తాం, బాలింతకు పొగ పట్టిస్తాం. ‘సాంబ్రాణి వెలిగించండి’ అనే వాడుక కప్పు సాంబ్రాణి వచ్చాక మొదలైంది, ఇప్పుడు దాన్ని తప్పు పట్టలేం. పొగ ‘పెట్టడం’ మాత్రం వేరే వ్యవహారం, పొమ్మనలేక చేసేది. ఒత్తు మరిచి ‘దూప’ అని రాశారో, తెలంగాణ పాఠకుడు దప్పిక అనుకుంటాడు.

కోపం మాట సులువు. లాటిన్‌లో ‘ఇన్సెండెరె’ అంటే అంటించడం. కాల్చే సుగంధ ద్రవ్యం ఒక దారిన పోయింది, మనిషిని రగిలించడం ఇంకో దారిన పోయింది. మనం ‘మండిపడ్డాడు’ అన్నట్టే. పలకడంలోనూ తేడా ఉంది: ధూపమైతే మొదటి భాగాన్ని ఒత్తి పలకాలి, కోపమైతే రెండో భాగాన్ని.