కత్తెరకు స్నానం

అమ్మీ,

కళ్యాణదుర్గం దగ్గర మూడెకరాల్లో దానిమ్మ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. శెనక్కాయ తప్ప ఇంకో పైరు ఎరగని ఇల్లు మనది, గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు. అంతసేపు మాట్లాడి మచ్చ తెగులు మాటే ఎత్తలేదంటనే!

గుంతలు, డ్రిప్పు, పదిహేనడుగులకు పదడుగుల ఎడం నీకు తెలిసినవే. ఎరువు బాగా చివికిందే వెయ్యి.

మచ్చ తెగులు తెచ్చేది శాంథోమోనాస్ అనే బ్యాక్టీరియా. ఆకు పొరను చీల్చుకొని దూరే సత్తువ దానికి లేదు. తెరిచిన వాకిలి కావాల. ఆకు ఊపిరి తీసుకునే సన్నని పత్రరంధ్రమో, గాయమో.

మన ఒంట్లో మాదిరి తిరుగుతూ కాపలా కాసే కణాలు చెట్టుకు లేవు. ఏ కణానికి ఆ కణమే కావలి. కణం పైపొరలో గ్రాహకాలుంటాయి, అంటే బయట తగిలిందేదో గుర్తుపట్టే ప్రొటీన్లు. బ్యాక్టీరియా ఈదే తోక ఫ్లాజెల్లిన్ అనే ప్రొటీన్‌తో అయింది. అందులో 22 అమైనో ఆమ్లాల ముక్క తగిలినా చాలు, దొంగ వచ్చినాడని కనిపెడతాయి. నిమిషాల్లో కణంలోకి కాల్షియం దూకుతుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, గోడ మందమవుతుంది. గంటా రెండు గంటల్లో పత్రరంధ్రాలు మూసుకుంటాయి. బ్యాక్టీరియా ఏం తక్కువది కాదు. సూదిలాంటి గొట్టంతో తన ప్రొటీన్లను కణంలోకి ఎక్కించి దొంగ దొంగ అని కణం పెట్టే కేక బయటికి రాకుండా నొక్కుతుంది. కణం లోపల రెండో కావలి ఉండి దాన్ని పట్టుకుంటే, ఆ కణం తానే చచ్చి పక్కవాటిని కాపాడుతుంది. పట్టుకోలేకపోతే ఆకు మీద నూనె చుక్క పడినట్టు నానిన మచ్చ, చుట్టూ పసుపు వలయం. కాయ మీదైతే నల్లమచ్చ, ఆ మచ్చ మీదుగా పగులు.

మనం కర్నూలు సోనా అని తినే బీపీటీ 5204 వరికి దీని దాయాది బ్యాక్టీరియాతో ఎండాకు తెగులు వస్తుంది. హైదరాబాదులో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, వరి పరిశోధనోళ్లు కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరి వదిలినారు. అందులో ఎక్స్ఏ21 అనేది అడవి వరి నుంచి తెచ్చిన గ్రాహకమే. నువ్వు పెట్టే భగువా దానిమ్మకు అట్లాంటి కవచం లేదు. తెగులుకు సులభంగా లొంగే రకం.

ఇప్పుడు కత్తెర సంగతి. తోటలు పోయేది చాలావరకు ఇక్కడే, ఓపిగ్గా చదువు. వాన వెలిసి ఆకు ఇంకా తడిగానే ఉంటుంది. కూలీలు దొరికినారు కదా అని కత్తిరింపు మొదలుపెడతారు. మొదటి సాలులో ఒక కొమ్మ కణుపు నల్లబడి పగిలుంటుంది, ఎవురూ చూడరు. కత్తెర ఆ కణుపును కోసి తడి అలుగుతోనే రెండో చెట్టుకు, మూడో చెట్టుకు పోతుంది. పచ్చి గాయమంటే పత్రరంధ్రం కూడా అక్కరలేని రాచబాట. గాయం చుట్టూ కణాలు గోడ కట్టుకునేలోపే బ్యాక్టీరియా లోపల కూర్చుంటుంది. కొన్నాళ్లకు చూస్తే మచ్చలు గాలివాటాన రావు. మనిషి నడిచిన వరసలోనే, చెట్టు తర్వాత చెట్టు. మందు కొట్టేవాడికి ఇది అంతుపట్టదు. డబ్బా మీద డబ్బా కొంటాడు.

అందుకే ఆకు పూర్తిగా ఆరినాకే కత్తిరించు. కత్తెరలు రెండు పెట్టుకో. ఒకటి కోస్తుంటే రెండోది 2.5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో మునిగి ఉండాల. ప్రతి చెట్టుకూ మార్చు. ద్రావణం ఎండలో, మురికితో సత్తువ పోతుంది, పూటకోసారి కొత్తది కలుపు. అది ఇనుమును తినేస్తుంది, సాయంత్రం కత్తెర కడిగి నూనె రాయి. తెగులు కొమ్మను మచ్చకు రెండంగుళాల కిందకి కొయ్యి. కోసినవి, రాలిన ఆకు తోట బయట కాల్చు, ఆకుల్లో అది నెలల తరబడి బతుకుతుంది. ఎవురన్నా నవ్వితే నవ్వనీ.

కత్తిరించినాక ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. ప్లాస్టిక్ డ్రమ్ములోనే. రెండూ వేరేగా కరిగించి, తుత్తం నీళ్లు సున్నం నీళ్లలో పొయ్యి. ఇనుప మేకు ముంచి తీస్తే ఎర్రగా రాగి పట్టిందా, సున్నం చాలలేదని. ఆ పూటే కొట్టెయ్యాల. చెట్టు తన లోపలి హెచ్చరికకు వాడేది సాలిసిలిక్ ఆమ్లం. దాన్నే లీటరుకు 0.3 గ్రాములు కలిపి నెలకోసారి కొడతారు. అది తెగులును చంపదు, కావలిని మేలుకొలుపుతుంది. యూరియా ఎక్కువెయ్యొద్దు. లేత చిగురు చూసి నువ్వు మురిసిపోతావు, బ్యాక్టీరియా ఇంకా మురిసిపోతుంది. పూత సెప్టెంబరు, అక్టోబరులో తెప్పించుకుంటే కాయ వానలు పోయినాక ఊరుతుంది.

అంటుమొక్కలు ఎవురి తోటవో తెలియకుండా కొనొద్దు. లారీ వస్తే దించకముందే ఫోన్ చెయ్యి. ఆకులు తిరగేసి, కణుపులు తడిమి నేనే చూస్తా. మామకు మోకాళ్ల నొప్పులని మీ అత్త చెప్తాది, వినొద్దు.

మీ మామ