కటి భాగానికి రేడియేషన్ ఇస్తే ఎముకలు విరుగుతాయా?

అవును, గర్భాశయ ముఖద్వారం, పురీషనాళం వంటి చోట్ల వచ్చిన క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకున్నవారిలో కొందరికి, కింద పడకపోయినా కటి ఎముకల్లో సన్నని పగుళ్లు వస్తాయి. ఎక్కువగా పగిలేది వెన్ను అడుగున ఉండే త్రికాస్థి.

ఎముకలో పాతది కరుగుతూ, కొత్తది కట్టుకుంటూ ఉంటుంది. రేడియేషన్ ఆ కట్టే కణాలను చంపుతుంది, వాటికి రక్తం చేర్చే సన్నని నాళాలనూ దెబ్బతీస్తుంది. కరగడం మాత్రం ఆగదు. అందుకే పగుళ్లు వెంటనే కాదు, నెలలు గడిచాక, ఎక్కువగా మొదటి రెండేళ్లలో బయటపడతాయి. బహిష్టులు ఆగిపోయి అప్పటికే ఎముకలు గుల్లబారిన స్త్రీలకు ముప్పు ఎక్కువ.

ఉదాహరణకు, 62 ఏళ్ల మహిళకు 25 విడతల్లో మొత్తం 50 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) ఇచ్చారనుకుందాం. ఏడాదికి నడుము కింద నొప్పి మొదలవుతుంది. నడిస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు, ఎంఆర్‌ఐ పట్టిస్తుంది.

చాలామంది దీన్ని క్యాన్సర్ ఎముకకు పాకిందని పొరబడతారు. బోన్ స్కాన్‌లోనూ అలాగే కనపడొచ్చు (భయం అక్కడే మొదలవుతుంది). కాబట్టి స్కాన్ చేసేవారికి పాత రేడియేషన్ కాగితాలు తప్పక చూపాలి. పగులే అయితే విశ్రాంతి, నొప్పి మందులు, కాల్షియం, విటమిన్ డి, ఆపై మెల్లగా నడకతో చాలావరకు కొన్ని నెలల్లో తగ్గుతుంది.