సీబీఎల్9 మ్యూటెంట్‌లో తేడా కనిపించకపోతే టాపిక్ మార్చుకోవాలా?

మీ ప్రశ్న చదవగానే నా పీహెచ్‌డీ రెండో సంవత్సరం గుర్తొచ్చింది. నాదీ హైదరాబాదే, అదే అరబిడాప్సిస్ (ఆవాల కుటుంబంలోని చిన్న ప్రయోగ మొక్క), అవే కాల్షియం సెన్సర్లు (కణంలో కాల్షియం పెరిగితే పసిగట్టే ప్రొటీన్లు). పొటాషియం తగ్గించిన మీడియంలో సీబీఎల్9 నాకౌట్‌ను, అంటే ఆ సెన్సర్ జన్యువు పనిచేయకుండా చేసిన మొక్కను, మూడుసార్లు పెట్టానని, మూడుసార్లూ వైల్డ్ టైప్‌లాగే, అంటే మామూలు మొక్కలాగే పెరిగిందని, గైడ్‌కి ఏం చెప్పాలో తెలియక టాపిక్ మార్చేద్దామనుకుంటున్నానని రాశారు. వనపర్తిలో వేరుశనగ వేసే మీ నాన్నగారు ఈ మొక్క మనకెందుకు అని అడుగుతున్నారని కూడా రాశారు.

టాపిక్ మార్చకండి. మీ ప్రయోగం తప్పలేదు. ఆ పరీక్షలో ఆ మ్యూటెంట్ అలాగే కనిపించాలి.

ఎందుకంటే సీబీఎల్9కి సీబీఎల్1 అనే తోబుట్టువు ఉంది. రెండు ప్రొటీన్లూ దాదాపు ఒకే పోలిక. రెండూ సీఐపీకే23 అనే కైనేజ్‌ను (వేరే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌ను) పట్టుకుని కణపు పొర దగ్గరికి చేరుస్తాయి. అక్కడ ఆ కైనేజ్ ఏకేటీ1 అనే పొటాషియం ఛానల్‌ను ఫాస్ఫోరిలేట్ చేస్తే, అంటే దానికి ఫాస్ఫేట్ తగిలిస్తే, మట్టిలో పొటాషియం తక్కువున్నా వేరు దాన్ని లాక్కోగలుగుతుంది. 2006లో వచ్చిన పని ఇది. అందులోనూ ఒక్క జన్యువు పోయిన మొక్క మామూలుగానే ఉంది. రెండూ పోయిన మొక్క ఆకులే పసుపెక్కాయి. అక్క ఊరెళ్తే చెల్లెలు వంటింటి పని అందుకున్నట్టే. అక్క ఇన్నాళ్లూ పనే చేయలేదని ఎవరూ అనరు కదా.

ఈ సెన్సర్ల జన్యు కుటుంబాలన్నీ పెద్దవే. అరబిడాప్సిస్‌లో కామాడ్యులిన్ (ఇదీ కాల్షియం సెన్సరే) జన్యువులు 7, కామాడ్యులిన్‌ను పోలిన సీఎంఎల్‌లు 50, సీబీఎల్‌లు 10, అవి పట్టుకునే సీఐపీకేలు 26, సెన్సరూ కైనేజూ ఒకే ప్రొటీన్‌లో ఉన్న సీడీపీకేలు 34. కామాడ్యులిన్ జన్యువులు 7 ఉన్నా వాటి నుంచి వచ్చే ప్రొటీన్ రకాలు 4 మాత్రమే. ఇలాంటి చోట ఒక జన్యువు తీసేస్తే ఏమీ కనిపించకపోవడమే మామూలు. కాబట్టి ఈ జన్యువు పని చేస్తుందా లేదా అని కాకుండా, తోడు లేకుండా ఇది ఒంటరిగా పని చేసేది ఎక్కడ, ఎప్పుడు అని వెతకండి.

సీబీఎల్9 విషయంలో అలాంటి చోటు ఇప్పటికే తెలుసు. విత్తనం మొలకెత్తే దశలో మొలకను ఆపే ఏబీఏ హార్మోన్ ఇస్తే సీబీఎల్9 మ్యూటెంట్ వైల్డ్ టైప్ కంటే ఎక్కువగా ఆగిపోతుందని 2004లోనే పేపర్ వచ్చింది. రెండు రకాల విత్తనాలూ ఒకే రోజు కోసినవి తీసుకోండి. 4 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి, ఏబీఏ ఉన్న, లేని ప్లేట్లలో వేసి రోజూ మొలకలు లెక్కపెట్టండి. పాత విత్తనం, కొత్త విత్తనం కలిపి పోలిస్తే ఆ లెక్కకు విలువ ఉండదు. ఈ ఫలితం వస్తే మీ లైన్ (మీ దగ్గరున్న మ్యూటెంట్ విత్తనం) సరైనదేనన్న ధైర్యం మీకూ మీ గైడ్‌కూ వస్తుంది.

ఇక నాకు దాదాపు ఐదు నెలలు ఖర్చయిన విషయం. నేను సీఎంఎల్24 మీద పనిచేసేదాన్ని. ఉప్పు పెట్టిన మొలకల్లో దాని ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుందా అని చూస్తే, ఉప్పు పెట్టని కంట్రోల్‌లోనూ అంతే పెరిగింది. రీఏజెంట్లు మార్చాను, కొత్త కిట్ తెప్పించాను, ఫలితం మారలేదు. చివరికి మా సీనియర్ అక్క ఒకరోజు నా పక్కన కూర్చుని నేను పనిచేసే తీరు చూశారు. నేను మొలకను ఫోర్సెప్స్‌తో ఎత్తి, వేరుకు అంటిన అగర్ దులిపి, కొత్త ప్లేట్‌లో సర్ది, అరగంటకే లిక్విడ్ నైట్రోజన్‌లో వేస్తున్నాను. ఆవిడ ఒకే మాట అన్నారు: "నువ్వు ముట్టుకున్నావు కదమ్మా, అది దానికి తెలిసింది."

సీఎంఎల్24 పాత పేరు టీసీహెచ్2, అంటే టచ్ జన్యువుల్లో రెండోది. వాటిని 1990లో బయటపెట్టిన జానెట్ బ్రామ్, రోనాల్డ్ డేవిస్‌లకూ ఇలాగే తెలిసింది. హార్మోన్ స్ప్రే చేసిన మొక్కల్లో ఏ జన్యువులు మేల్కొంటాయో చూస్తుంటే, ఉత్త నీళ్లు చల్లిన మొక్కల్లోనూ అవే మేల్కొన్నాయి. వాన, గాలి, స్పర్శ, ఏది తగిలినా 10 నుంచి 30 నిమిషాల్లో ఆ ఆర్‌ఎన్‌ఏ పెరిగిపోతుంది, కొన్నింట్లో 100 రెట్ల దాకా. టీసీహెచ్1 అయితే ఏకంగా కామాడ్యులిన్ జన్యువే. అత్తిపత్తి ముడుచుకుంటుంది కాబట్టి మన కంటికి తెలుస్తుంది, మిగతా మొక్కల్లో ఆ కదలిక లోపల జరుగుతుంది. అది తెలిశాక నాకు మొక్కను చేతిలోకి తీసుకోవడమే వేరుగా అనిపించింది.

అప్పటినుంచి మొలకల్ని ముందురోజే ద్రవ మీడియంలోకి మార్చి కదపకుండా వదిలేసేదాన్ని. మర్నాడు ఉప్పు ద్రావణాన్ని అంచు వెంట మెల్లగా పోసి, కంట్రోల్‌లో అదే పరిమాణంలో ఉత్త మీడియం అదే చేత్తో పోసేదాన్ని. అప్పుడుగానీ తేడా తేటగా కనిపించలేదు. ఎక్స్‌ప్రెషన్ చూసేటప్పుడు మీరూ ఇలాగే చేయండి.

ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే క్యూపీసీఆర్‌లో వాడే ప్రైమర్ల (ఏ జన్యువును కొలవాలో ఎంచే చిన్న డీఎన్‌ఏ ముక్కల) గురించీ ఒక మాట. ఈ కుటుంబంలో కోడింగ్ భాగాలు బాగా కలుస్తాయి. నా మొదటి ప్రైమర్లకు మెల్ట్ కర్వ్‌లో ఒకటే శిఖరం వచ్చింది, ఒకే జన్యువు అనుకుని సంబరపడ్డాను. సీక్వెన్సింగ్‌కు పంపితే అందులో రెండు జన్యువులు కలిసి ఉన్నాయి. ప్రైమర్ ఒక్కటైనా జన్యువు చివర అనువాదం కాని భాగంలో పడేలా చూసుకోండి, అక్కడ పోలికలు తక్కువ. ఇంకోటి, మన ఎండాకాలం. ఒక మే నెలలో చాంబర్ ఏసీ ఆగిపోయి 22 డిగ్రీలు ఉండాల్సింది రాత్రికి రాత్రి 30 దాటింది. మొక్కలు బతికాయి గానీ ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాను. వేడి కూడా కాల్షియం సిగ్నలే.

మీ నాన్నగారికి ఇలా చెప్పండి. వేరుశనగకు పూత దశలో వేసే జిప్సం నుంచి వచ్చే కాల్షియం తిండి, ఊడ భూమిలో దిగాక కాయ దాన్ని నేరుగా మట్టి నుంచే తీసుకుంటుంది. మీరు చదువుతున్నది కణం లోపలి కబురు. కణద్రవంలో కాల్షియం మామూలుగా 100 నానోమోలార్ దగ్గర ఉంటుంది. ఉప్పో, కరువో, చీడో తగిలితే క్షణాల్లో పెరుగుతుంది, ఆ పెరుగుదలను చదివేవే ఈ సెన్సర్లు. వరిలోనూ సీబీఎల్‌లు 10 ఉన్నాయి. ఉప్పును కణం బయటికి నెట్టే ఎస్ఓఎస్ వ్యవస్థ ముందు అరబిడాప్సిస్‌లో దొరికింది, తర్వాత వరిలోనూ అదే పనిచేస్తోందని తేలింది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో విత్తనం నుంచి విత్తనానికి వచ్చే చిన్న మొక్కలో ముందు నేర్చుకుంటే పంటలో ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

ఇక డబుల్ మ్యూటెంట్, అంటే సీబీఎల్1, సీబీఎల్9 రెండూ పోయిన మొక్క. ప్రచురించిన ల్యాబ్‌కు మీ గైడ్ చేత మెయిల్ రాయించండి. విదేశాల నుంచి విత్తనం వస్తే ఇంపోర్ట్ పర్మిట్, క్వారంటైన్ ఉంటాయి కాబట్టి, ఆ జవాబు కోసం కూర్చోకుండా మీరే క్రాస్ కూడా మొదలుపెట్టండి. తెల్ల రేకుల కొస అప్పుడే కనిపిస్తున్న మొగ్గ తీసుకుని, మైక్రోస్కోప్ కింద ఆరు కేసరాలూ తీసేసి, మర్నాడు రెండో మ్యూటెంట్ పువ్వు పుప్పొడి కీలాగ్రానికి అద్దండి. సీబీఎల్1 నాలుగో క్రోమోజోమ్ మీద, సీబీఎల్9 ఐదో దాని మీద ఉన్నాయి కాబట్టి ఎఫ్2లో (క్రాస్ తర్వాత రెండో తరంలో) 16 మొక్కలకు ఒకటి మీకు కావాల్సింది. 80 మొలకలు పీసీఆర్‌తో చూడండి. ఇప్పుడు మొదలుపెడితే నాలుగైదు నెలల్లో ఆ మొక్క మీ సాయిల్‌రైట్ కుండీలో ఉంటుంది.