కొత్త వీడియో కెమెరా ఫోన్ కన్నా మసకగా తీస్తోంది, కెమెరాలో లోపమా?

బావగారు అమెరికా నుంచి తెచ్చిచ్చిన వీడియో కెమెరాతో పాప మొదటి పుట్టినరోజు ఇంట్లోనే తీశానని రాశారు. టీవీలో చూస్తే బొమ్మంతా ఇసుక చల్లినట్టు ఉంది, ట్యూబ్‌లైట్ వెలుగు కొట్టుకుంటోంది, మీ తమ్ముడు ఫోన్లో తీసిందే నయమనిపిస్తోంది. అమ్మేయాలా అని అడిగారు.

తొందరపడి అమ్మకండి. ఇదే బాధ నేను 2010లో కడపలో పడ్డాను.

మా చెల్లెలి పెళ్లికని జీతంలో కొంచెం కొంచెం దాచి మొదటిసారి హెచ్‌డీ కెమెరా కొన్నాను. ముహూర్తం తెల్లవారుజామున. మేం మాట్లాడుకున్న వీడియో ఆయన పక్కనే నిలబడి నేనూ తీశాను. ఆయన దగ్గర లైటు పట్టుకునే పిల్లోడు ఒకడున్నాడు. తలంబ్రాలప్పుడు వాడు చెల్లెలి ముఖం మీదికి లైటు వేసినంతసేపు నా కెమెరాలోనూ ముక్కుపుడక మెరుపుతో సహా వచ్చింది. తర్వాత వాడు లైటును పెళ్లికొడుకు తరపు వాళ్ల వైపు తిప్పాడు. అంతే, చెల్లెలి ముఖం మీద చీమలు పాకినట్టు చుక్కలు. మెరూన్ పట్టుచీర నల్లబడింది. తలంబ్రాలు పోసే చేతులు గీతల్లా సాగిపోయాయి. ఆ అర నిమిషం ముక్కను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు. మధ్యలో మారింది లైటు ఒక్కటే.

ఇలాంటి చిన్న కెమెరాల్లో సెన్సార్, అంటే వెలుతురును బొమ్మగా మార్చే చిప్పు, చాలా చిన్నది. 1/6 అంగుళం రకం అంటే అడ్డం 2.4 మిల్లీమీటర్లు, నిలువు 1.8. పెసరగింజ కన్నా చిన్నది. మన కంటికి హాలు నిండా వెలుతురు ఉన్నట్టే ఉంటుంది గానీ, ఆ గింజంత చోటులో పడే వెలుతురు చాలదు. అప్పుడు కెమెరా అందిన కాస్త సిగ్నల్‌నే పెంచుతుంది, దీన్నే గెయిన్ అంటారు. బొమ్మతో పాటు చుక్కలూ పెరుగుతాయి. కొన్ని కెమెరాలు షట్టర్‌ను, అంటే ఒక్కో బొమ్మకు వెలుతురు తీసుకునే సమయాన్ని, కూడా వాటంతట అవే నెమ్మది చేస్తాయి. చేతులు సాగిపోవడం అందువల్లే. మెనూలో ఆటో స్లో షట్టర్ అని ఉంటే ఆపేయండి.

జూమ్ ఇంకో శత్రువు. కేకు దగ్గర పాప ముఖం కోసం గది చివరి నుంచి జూమ్ చేసి ఉంటారు, నేనూ అదే చేశాను. చాలా లెన్సుల్లో జూమ్ లాగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది. లెన్స్ మీద ఎఫ్ అని రాసే అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు; ఎఫ్ 1.8 నుంచి ఎఫ్ 3.6కి వెళితే మిగిలేది నాలుగో వంతే. ఇంట్లో తీసేటప్పుడు జూమ్ వదిలేసి రెండడుగులు ముందుకు నడవండి. డిజిటల్ జూమ్ అయితే పూర్తిగా ఆపేయండి. పెట్టె మీద 800, 1000 అని రాసే అంకెలు దానివే. అది ఉన్న బొమ్మను సాగదీయడమే.

వెలుగు కొట్టుకోవడం వేరే సంగతి. అమెరికా కెమెరా సెకనుకు 60 సార్లు లెక్కన బొమ్మ తీస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. రెండింటికీ పొంతన కుదరక వెలుగు కొట్టుకుంటుంది. మాన్యువల్ మోడ్‌లో షట్టర్ సెకనులో 1/100 పెడితే చాలావరకు ఆగిపోతుంది. కాకపోతే వెలుతురు ఇంకా తగ్గుతుంది కాబట్టి పాప దగ్గర లైటు ఇంకొకటి పెట్టాల్సిందే. నేను ఇప్పటికీ లైటును తెల్లగోడ వైపు తిప్పి పెడతాను. నేరుగా ముఖం మీద కొట్టదు, పిల్లలు కళ్లు చికిలించరు.

ఫోన్ బాగుందంటే ఆశ్చర్యం లేదు. ఇప్పటి ఫోన్లలో చాలావాటి సెన్సార్ మీ కెమెరా దానికన్నా పెద్దది, చుక్కల్ని తుడిచే లెక్కలు కూడా లోపలే జరిగిపోతాయి. కానీ రథసప్తమి నాడు దేవుని కడప రథోత్సవానికి మిద్దె మీద నిలబడి ఈ కెమెరాతో తీసి చూడండి. ఆ పగటి ఎండలో మోకు లాగే చేతుల మీద నరాలు కూడా నాకు కనిపించాయి. అంత దూరం నుంచి మామూలు ఫోన్‌కు అది అందదు.

కంప్యూటర్లో చూసినప్పుడు కదిలేవాటి అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే అదీ లోపం కాదు. ఇలాంటి కెమెరాలు చాలావరకు వాడే 1080ఐ అనే పద్ధతిలో ఒక్కో బొమ్మను సగం సగం గీతలుగా తీస్తుంది. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో డీఇంటర్లేస్ ఆన్ చేస్తే పోతాయి. రికార్డింగ్ మోడ్ కూడా చూసుకోండి, ఎల్‌పీలో, అంటే ఎక్కువసేపు పట్టడానికి నాణ్యత తగ్గించే మోడ్‌లో, ఉంటే పైదానికి మార్చండి.

ఇప్పుడు నేను చేసిన అసలు తప్పు చెప్తాను. పెళ్లయ్యాక డీవీడీ చేయించడానికి ఒక షాపులో ఇచ్చాను. రెండు గంటలు బాగా పట్టే 4.7 జీబీ డిస్కులో వాళ్లు నాలుగు గంటలు కుక్కారు. పైగా డీవీడీ బొమ్మ 720x576, నా కెమెరాది 1920x1080. అంటే సరిగ్గా ఐదో వంతు. డిస్కు చేతికొచ్చింది కదా అని, కెమెరాలో జాగా లేదని, ఒరిజినల్స్ అన్నీ తుడిచేశాను. అప్పగింతలప్పుడు మా అవ్వ పాట పాడింది. ఆమె ముఖం ఇప్పుడు మాకు ఆ డీవీడీలో ఉన్నంతే. పెదాలు కదలడం తెలుస్తుంది, కళ్లు తెలియవు. అవ్వ పోయి పదేళ్లు దాటింది.

అందుకే, పాప పుట్టినరోజు వీడియో ఎంత మసకగా ఉన్నా కార్డు ఫార్మాట్ చేయకండి. ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి, ఒకటీ అరా ఫైళ్లు కాదు. పెద్ద రికార్డింగులను కెమెరా ముక్కలుగా దాస్తుంది. రెండు వేరువేరు హార్డ్ డిస్కుల్లో పెట్టండి. వాట్సాప్‌లో పంపింది కాపీ కింద లెక్క కాదు. చుక్కలు తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, ఒరిజినల్ ఉంటేనే వాటితో ఫలితం బాగుంటుంది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పాపను వసారాలో కూర్చోబెట్టి, జూమ్ లేకుండా ఐదు నిమిషాలు తీయండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో నేరుగా టీవీకి పెట్టి చూడండి. అప్పటికీ మసకగానే ఉంటే చెప్పండి, అప్పుడు లెన్స్ సంగతి చూద్దాం.